భర్తకు వేరే సంబంధం ఉందని ఫ్యామిలీ కోర్టులో ఎలా రుజువు చేయాలి? నా కేసులో జరిగింది

మీరు రెండు విషయాలు అడిగారు. ఆయన ఫోన్‌లోంచి తీసిన వాట్సాప్ స్క్రీన్‌షాట్లు సరిపోతాయా అన్నది ఒకటి. ఆయన విడాకులకు ససేమిరా అంటున్నారు కాబట్టి అక్రమ సంబంధం అని వేయాలా, క్రూరత్వం అని వేయాలా అన్నది రెండోది. నేను రెండూ పెట్టి కేసు నడిపాను. డిక్రీ (విడాకులిస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు) క్రూరత్వం మీద వచ్చింది, అక్రమ సంబంధం రుజువు కాలేదని తీర్పులో రాశారు. అందుకే నా సలహా ముందే చెప్పేస్తున్నా: కేసు బరువంతా క్రూరత్వం మీద పెట్టండి. మీది హిందూ వివాహం అనుకుని రాస్తున్నాను, క్రైస్తవులకూ ముస్లింలకూ చట్టాలు వేరు.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 13లో ఈ రెండు కారణాలూ పక్కపక్కనే ఉంటాయి. 1976 సవరణ నుంచి, పెళ్లయ్యాక ఒక్కసారి వేరొకరితో శారీరక సంబంధం పెట్టుకున్నా విడాకులకు చాలు. అక్రమ సంబంధాన్ని నేరంగా చూసే ఐపీసీ 497ను 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది కదా, ఇంకేం కేసు అని మా అత్తవారి తరఫు పెద్దమనిషి ఒకాయన పంచాయితీలో గట్టిగా వాదించాడు. అప్పుడు పోయింది నేరం, శిక్ష. విడాకులకు అది ఇప్పటికీ కారణమే.

కళ్లారా చూసిన సాక్షి ఉండాలని చట్టం అడగదు. క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావులేని రుజువు కూడా అక్కర్లేదు. భార్యాభర్తల కేసుల్లో ఏ మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తే చాలని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. వినడానికి తేలికగానే ఉంటుంది. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి నిలబడినప్పుడు తెలుస్తుంది. నా దగ్గర లాడ్జి బిల్లు ఉంది. అది ఆయన పేరు మీదే ఉంది, ఆయన ఆ ఊళ్లో బస చేశాడని తప్ప అది ఇంకేమీ చెప్పదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నాతో అన్నీ చెప్పాడు, బోనెక్కాక "నాకు సరిగా గుర్తులేదు సార్" అన్నాడు. అతన్ని తప్పుబట్టను, అతని ఉద్యోగం అతనిది. అవతలి లాయరు నన్ను ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు: "మీరు స్వయంగా చూశారా? లేదా? అవునో కాదో చెప్పండి."

పైగా ఈ ఆరోపణ చేస్తే చాలా హైకోర్టుల రూల్స్ ప్రకారం ఆ రెండో మనిషిని కూడా పార్టీగా చేర్చాలి. ఆమెకు నోటీసు వెళ్లాలి, ఆమె లాయరును పెట్టుకోవాలి, కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయాలి. వాయిదాలన్నీ అక్కడే తింటాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆధారం లేకుండా శీలం మీద నింద వేయడమే క్రూరత్వమని 2003లో సుప్రీంకోర్టు ఒక భర్త వేసిన ఆరోపణల గురించి చెప్పింది. అంటే మీరు వేసిన మాట నిలబడకపోతే అదే ఆయన చేతికి ఆయుధం కావచ్చు.

ఇప్పుడు స్క్రీన్‌షాట్లు. ఆయన ఫోన్‌లోని చాట్ "నాది కాదు, మార్ఫింగ్" అంటారు, రాసిపెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, ఆ కాపీ ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలో అదే 65బి. ఫ్యామిలీ కోర్టుకు ఫ్యామిలీ కోర్ట్స్ చట్టం సెక్షన్ 14 కింద కొంత వెసులుబాటు ఉంది, మామూలుగా చెల్లని కాగితాన్ని కూడా చూడొచ్చు. అయినా సర్టిఫికెట్ మానకండి. రహస్యంగా రికార్డు చేసిన కాల్స్ సంగతి మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒకప్పుడు అవి చెల్లవంది, 2025 జులై 14న సుప్రీంకోర్టు భార్యాభర్తల మధ్య కేసుల్లో వాటిని సాక్ష్యంగా తీసుకోవచ్చని తేల్చింది. అలాగని ఆయన ఫోన్‌లో స్పై యాప్ వేయకండి, ఐటీ చట్టం కింద మీ మీదే కేసు అవుతుంది.

నన్ను గట్టెక్కించినవి ఆయన నాకే పంపిన మెసేజ్‌లు. వాటికి నేనే సాక్షిని, నా ఫోనే ఆధారం. "నీ ఇష్టం వచ్చిన చోట చెప్పుకో" అన్నది, అర్ధరాత్రి పంపిన బూతులు, బాబుకు జ్వరం అంటే రెండు రోజులకు వచ్చిన జవాబు. వీటితో పాటు ఇంటి ఖర్చు ఆగిపోయినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, చెయ్యి వాచిన రోజు ఆస్పత్రి ఓపీ చీటీ. ఒక్కొక్కటీ చిన్నదే. తేదీల వరసలో పెట్టేసరికి జడ్జిగారు ఆగి చదివారు. ఆ రెండో సంబంధాన్ని కూడా ఈ కథలో భాగంగానే చెప్పొచ్చు: ఇంటికి రాని రాత్రులు, అడిగితే పడిన దెబ్బలు. అలా చెప్పినప్పుడు పడక గది దాకా రుజువు చేయాల్సిన పని ఉండదు.

పెద్దల్లో పెట్టి ఉంటే ఆ ఒప్పంద కాగితం జాగ్రత్త. "ఇకమీదట ఆమెతో మాట్లాడను" అని మా ఆయన సంతకం పెట్టిన కాగితం నాకు చాలా పనికొచ్చింది. అయితే అవతలివాళ్లు అదే చూపించి "ఆమె క్షమించి కాపురం చేసింది" అన్నారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 23 ప్రకారం క్షమించిన తప్పు మీద విడాకులు రావు. కానీ ఆ తర్వాత మళ్లీ తప్పు చేస్తే పాతదీ బతుకుతుందని ఆ 1975 తీర్పులోనే ఉంది. కాబట్టి కాగితం రాసుకున్న తేదీ తర్వాత జరిగినవి విడిగా, స్పష్టంగా పిటిషన్‌లో రాయించండి. పిటిషన్‌లో లేని సంగతి తర్వాత సాక్ష్యంలో చెబితే ఒప్పుకోరు.

విచారణ అందరి ముందు జరగకూడదనుకుంటే ఇన్ కెమెరా కోసం అడగండి, ఫ్యామిలీ కోర్ట్స్ చట్టం సెక్షన్ 11 అందుకే ఉంది. లాయరును కలిసేలోపు ఫోన్ మార్చకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి, ఆ చాట్‌లో ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయకండి, మీకు ఇబ్బందిగా అనిపించే మీ జవాబులు కూడా.