ప్రింట్ బటన్ నొక్కేముందు: తమ్ముడి కూతురికి ఒక ఉత్తరం

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆదివారం ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు నీ దగ్గరే ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలే మస్టర్, అంటే ఆఫీసు హాజరు పట్టీ, ప్రింట్ తీస్తే పేర్లు ఒక కాగితంలో, 19వ తేదీ నుంచి ఇంకో కాగితంలో, సంతకాల కాలమ్ మూడో కాగితంలో వచ్చాయన్నావు. అందరి ముందూ అడిగేసరికి ఏడుపు ఆగలేదన్నావు. ఇవన్నీ ఫోన్‌లో చెబితే గుర్తుండవని రాస్తున్నాను. ఉత్తరం పక్కన పెట్టుకుని, ఎక్సెల్ తెరిచి, ఒక్కొక్కటీ చేసి చూడు.

అన్నిటికంటే ముందు కాగితం సంగతి తేల్చుకో. పేజ్ లేఅవుట్‌లో సైజ్ తెరిచి చూడు. చాలా కంప్యూటర్లలో అక్కడ లెటర్ అని ఉంటుంది. అది అమెరికా వాళ్ల కాగితం, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. మన ట్రేలో ఉండేది ఏ4, అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. ఈ తేడా చూసుకోకపోతే తర్వాత ఎంత సర్దినా లెక్క తప్పుతుంది. మస్టర్‌కి ఓరియెంటేషన్ ల్యాండ్‌స్కేప్ పెట్టు, అంటే కాగితం అడ్డంగా.

ఇప్పుడు వెడల్పు లెక్క వేద్దాం. అడ్డంగా 297 ఉంది. ఫైల్లో కుట్టడానికి, పంచ్ చేయడానికి ఎడమవైపు 20 వదులు. కుడివైపు 7 చాలు. మిగిలింది 270. రోజుకు 5 మిల్లీమీటర్ల గడి ఇస్తే 31 రోజులకు 155 పోతుంది. ఇంకా 115 నీ చేతిలో ఉంది. క్రమసంఖ్య, పేరు, హోదా, మొత్తం, సంతకం అన్నీ అందులో పట్టాలి. పడతాయి తల్లీ, పేరుకి అవసరానికి మించి వెడల్పు ఇవ్వకపోతే. గడుల వెడల్పు ముందే ఇలా సర్దుకుంటే తర్వాత స్కేలింగ్‌తో కుస్తీ పట్టే పని తగ్గుతుంది.

ఇంకా కొద్దిగా వెడల్పు పట్టకపోతే, షీట్‌ని కుదించి కాగితంలో పట్టించడానికి పేజ్ లేఅవుట్‌లోనే స్కేల్ టు ఫిట్ ఉంది. అక్కడ విడ్త్ దగ్గర 1 పేజ్ పెట్టు. హైట్ మాత్రం ఆటోమేటిక్‌గానే వదిలెయ్. చాలామంది రెండూ 1 పెట్టేస్తారు. అప్పుడు 180 పేర్లూ ఒకే కాగితంలో ఇరుక్కుని చీమల బారులా వస్తాయి. పక్కనే స్కేల్ ఎంత శాతానికి దిగిందో కనిపిస్తుంది, అది తప్పకుండా చూడు. 11 సైజు అక్షరం 65 శాతానికి దిగితే కాగితం మీద 7 సైజు అవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలైతే అంత చిన్నవి ఎలాగో చదవొచ్చు. మన తెలుగులో గుడులు, వత్తులు కలిసిపోయి మచ్చలా కనిపిస్తాయి. 70 కంటే కిందికి పోతోందంటే కాలమ్స్ తగ్గించు, లేదా లీగల్ సైజుకో ఏ3కో మారు. అక్షరాన్ని మాత్రం బలి చేయకు. రిటైరయ్యే వయసులో ఉన్నవాళ్లు కూడా ఆ కాగితంలో తమ పేరు వెతుక్కుని సంతకం పెట్టాలి కదా.

తెలుగు పేర్లతో ఇంకో చిక్కుంది. రో హైట్ తక్కువైతే అడుగున ఉండే వత్తు తెగిపోతుంది. లక్ష్మి అన్న పేరులో మ వత్తు పోతే ఆ మనిషికి అది తన పేరులా ఉండదు. ఎక్సెల్ మామూలుగా ఇచ్చే ఎత్తు 15. నేనైతే తెలుగు ఉన్న వరసలకు 20కి తక్కువ ఎప్పుడూ పెట్టలేదు.

ఇక ప్రింట్ టైటిల్స్, అంటే కాలమ్స్ పేర్లు ప్రతి పేజీ పైనా మళ్లీ వచ్చేలా చేయడం. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ, ఎందుకో చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక మీటింగ్‌కి జీతాల స్టేట్‌మెంట్ తీసుకెళ్లాను. కాలమ్స్ పేర్లు మొదటి పేజీలోనే ఉన్నాయి. పెద్దాయన ఒకరు ఏడో పేజీ తీసి, "ఈ అంకె బేసిక్ పేనా, డీఏనా?" అని అడిగారు. ప్రతిసారీ నేను లేచి మొదటి పేజీ తిప్పి చూపించాల్సి వచ్చింది. స్క్రీన్ మీదైతే మనం పైకి జరిపి చూసుకుంటాం, కాగితం చేతిలో ఉన్న మనిషికి ఆ వీలు లేదు. ఆ రోజు నుంచి, ఏ పేజీ విడిగా చేతికి వచ్చినా అది దేనిదో తెలిసిపోవాలని నియమం పెట్టుకున్నాను.

పేజ్ లేఅవుట్‌లో ప్రింట్ టైటిల్స్ నొక్కి, రోస్ టు రిపీట్ ఎట్ టాప్ గడిలో క్లిక్ చేసి, షీట్‌లో హెడ్డింగ్ వరసలను మౌస్‌తో ఎంచుకో. కంట్రోల్ పీ నొక్కాక వచ్చే పేజ్ సెటప్‌లోంచి వెళ్తే మాత్రం ఆ గడి పనిచేయదు, మసకగా కనిపిస్తుంది. కంప్యూటర్ పాడైందని టెన్షన్ పడకు. వెనక్కి వచ్చి పేజ్ లేఅవుట్ నుంచే వెళ్లు. ఫుటర్ జాబితాలో పేజ్ 1 ఆఫ్ ? అన్నది ఎంచుకుంటే ఎన్ని పేజీల్లో ఇది ఎన్నోదో అడుగున వస్తుంది. కట్ట జారి కింద పడినా వరస పెట్టుకోవచ్చు.

షీట్ పక్కన నువ్వు వేసుకున్న లెక్కలు, గమనికలు కూడా ప్రింట్ అయిపోతుంటే, కావాల్సినంత భాగం ఎంచుకుని ప్రింట్ ఏరియా సెట్ చెయ్. ఒక్క మాట, నెలనెలా కొత్త పేర్లు చివర చేరుస్తావు కదా, అవి ఆ ఏరియా బయట ఉండిపోతే ప్రింట్‌లో రావు. పేరు లేని మనిషి నీ దగ్గరికే వస్తాడు. అందుకే పేర్లు చేర్చిన ప్రతిసారీ ప్రింట్ ఏరియా మళ్లీ చూడు.

వ్యూలో పేజ్ బ్రేక్ ప్రివ్యూ తెరిస్తే కాగితం ఎక్కడ తెగుతుందో నీలం గీతలు చూపిస్తాయి. ఒక సెక్షన్ వాళ్లంతా ఒకే పేజీలో ఉండాలంటే అక్కడ నీ చేత్తోనే బ్రేక్ పెట్టాలి. అలాంటప్పుడు ఫిట్ పెట్టకు. ఫిట్ ఉంటే నువ్వు పెట్టిన బ్రేక్‌లను ఎక్సెల్ పట్టించుకోదు. విడ్త్‌ని మళ్లీ ఆటోమేటిక్ చేసి, స్కేల్ శాతం నువ్వే ఇవ్వు.

బయట జిరాక్స్ షాపులో తీయించాల్సి వస్తే ఎక్సెల్ ఫైలు ఇవ్వకు, పీడీఎఫ్ చేసి ఇవ్వు. ప్రింటర్ మారితే పేజీలు తెగే చోటు మారుతుంది. ఆ కంప్యూటర్‌లో మన తెలుగు ఫాంట్ లేకపోతే పేర్ల రూపే మారిపోతుంది.

ఈ నెల మస్టర్ సర్ది, మొదట రెండు పేజీలే ప్రింట్ తీసి, సంతకం గడిలో నీ పెన్నుతో ఒకసారి సంతకం పెట్టి చూడు, పడుతుందో లేదో. తర్వాత పీడీఎఫ్ నాకు వాట్సాప్‌లో పంపు. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని చూస్తాను.

మీ పెదనాన్న