విడిపించింది ఒక్కరిని, పట్టుకుపోయింది ముగ్గురిని

మీరు అడిగిన ప్రశ్న ఏంటంటే, వేరే దేశంలో ఒక జర్నలిస్టుని బందీగా పట్టుకుపోతే దౌత్య ప్రయత్నాలంటూ వాళ్ల ప్రభుత్వం నిజంగా ఏం చేస్తుంది, బయట మీడియా గోల చేస్తే మంచిదా లేక నోరు మూసుకుని కూర్చుంటే మంచిదా అని. నేను ఏ ఎంబసీలోనూ పని చెయ్యలేదండి. కానీ ఒక తెలుగు పేపర్లో అంతర్జాతీయం పేజీ డెస్క్ మీద చాలా ఏళ్లు నైట్ షిఫ్టులు చేశాను, ఇలాంటి వార్తలు బోలెడు నా చేతుల మీదుగా వెళ్లాయి, అందులో ఒకటి మాత్రం ఇప్పటికీ గొంతులో అడ్డం పడ్డట్టే ఉంటుంది. అదే చెప్తాను.

2007 మార్చి. ఇటలీ పేపర్ లా రిపబ్లికా విలేకరి డానియెలె మాస్ట్రోజాకొమో, తాలిబాన్ కమాండర్ని ఇంటర్వ్యూ చెయ్యడానికని అఫ్ఘానిస్థాన్లో హెల్మంద్ వైపు వెళ్తే, అక్కడ తాలిబాన్లే పట్టుకుపోయారు. ఆయన ఒక్కడే కాదు, కారు నడిపే సయ్యద్ ఆఘా, మాటలు తర్జుమా చేసి చెప్పే అజ్మల్ నక్ష్‌బందీ కూడా. ముగ్గురు. కొన్ని రోజులకే డ్రైవర్ తల నరికేశారు, మిగతా ఇద్దరి కళ్ల ముందే. దాంతో రోమ్‌లో కంగారు మొదలైంది. అప్పటి ఇటలీ ప్రధాని రొమానో ప్రోడి పరిస్థితి అసలే నేడో రేపో అన్నట్టు ఉంది, అంతకు ముందు నెలలోనే విదేశాంగ విధానం మీద సెనేట్లో ఓడిపోయి రాజీనామా ఇచ్చి మళ్లీ ఎలాగో నిలదొక్కుకున్నాడు, అఫ్ఘానిస్థాన్లో సైన్యం ఉంచాలా వద్దా అన్న ఓటింగ్ కూడా అదే మార్చి చివర్లో ఉంది. అలాంటి టైంలో ఇటాలియన్ విలేకరి శవమై వస్తే ప్రభుత్వం ఉండదు. మీరు "దౌత్య ప్రయత్నాలు" అన్నారు కదా, అవి ఎంత జోరుగా నడుస్తాయో తేల్చేది ఇదే. బందీ ప్రాణం పోతే సొంత ఊళ్లో కుర్చీ ఎవరిది కదులుతుందో వాళ్లే పరిగెడతారు.

కాబూల్లో అధ్యక్షుడు హమీద్ కర్జాయ్ మీద ఒత్తిడి పెట్టారు. నేరుగా తాలిబాన్లతో ఏ రాయబారీ కూర్చోలేడు, మధ్యలో ఎవరో కావాలి. హెల్మంద్‌లోని లష్కర్‌గాలో ఆసుపత్రి నడిపే ఇటలీ సేవా సంస్థ ఎమర్జెన్సీ, దాని స్థాపకుడు జీనో స్ట్రాడా మధ్యలోకి వచ్చారు, కానీ ఊళ్లలోకి వెళ్లి తాలిబాన్లతో మాట్లాడి వచ్చింది ఆ ఆసుపత్రిలో పనిచేసే రహ్మతుల్లా హనెఫీ అనే అఫ్ఘాన్. చివరికి జైల్లో ఉన్న ఐదుగురు తాలిబాన్లని వదిలారు, మార్చి 19న మాస్ట్రోజాకొమో బయటకొచ్చాడు.

ఆ రాత్రి ఆ వార్త చేసింది నేనే. న్యూస్ ఏజెన్సీ పంపిన కాపీ పొడుగ్గా వచ్చింది, నాకు పేజీలో దొరికింది డబుల్ కాలమ్, అదీ ఒక ఫొటోతో. అప్పట్లో పేజీలు పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టేవాళ్లం, మ్యాటర్ పట్టకపోతే టెక్స్ట్ కింద చిన్న ఎర్ర బాణం కనబడేది, ఇంకా మ్యాటర్ మిగిలే ఉంది అని దాని అర్థం. నేను అనువాదం చేసి పోస్తే ఆ ఎర్ర బాణం పోలేదు. ఇంకో ఆరు లైన్లు కొట్టెయ్యాలి. పక్కన డెస్క్ ఇన్‌చార్జి గారు "ఏమయ్యా, పేజీ వదులుతావా లేదా, కింద మెషీన్ వాళ్లు గోల పెడుతున్నారు" అంటున్నారు. డెస్క్ మీద మేం నేర్చుకున్న మొదటి పాఠం ఏంటంటే, పట్టకపోతే చివరి పేరా కొట్టెయ్, ముఖ్యమైనదంతా పైనే ఉంటుంది అని. కొట్టేశాను. బాణం పోయింది. పేజీ వెళ్లిపోయింది. హెడ్డింగ్ "ఇటలీ జర్నలిస్టుకు విముక్తి".

ఆ చివరి పేరాలో ఉన్నదేంటో తెలుసా, ఆయనతో ఉన్న ఇంటర్‌ప్రెటర్ సంగతి ఇంకా తేలలేదు అని.

అజ్మల్‌ని వాళ్లు వదల్లేదు. ఇటాలియన్‌కి ఐదుగురిని ఇచ్చారు కాబట్టి ఇతనికీ ఎవరినైనా ఇస్తారని ఉంచుకున్నారు. మళ్లీ ఖైదీల పేర్లు అడిగారు. ఈసారి కర్జాయ్, ఆ ఒక్కసారికే, ఇంక ఇలాంటి బేరం ఉండదు అన్నాడు. కాబూల్లో అఫ్ఘాన్ జర్నలిస్టులు రోడ్డెక్కి అడిగారు, విదేశీయుడి ప్రాణానికి ఒక రేటు, మావాడి ప్రాణానికి ఇంకో రేటా అని. ఏప్రిల్ 8న అజ్మల్‌ని కూడా చంపేశారు. ఆదివారం అది. కాపీ వచ్చినప్పుడు నేను డ్యూటీలోనే ఉన్నాను, పేరు చదవగానే ముందు గుర్తు రాలేదు, ఎందుకంటే మా పేపర్లో ఆ పేరు ఒక్కసారి కూడా రాలేదు. తర్వాత గుర్తొచ్చింది, నేను కొట్టేసిన ఆరు లైన్లు. మా పేపర్ పాఠకులకి ఆ వార్త ఇరవై రోజుల కిందటే అయిపోయింది, సుఖాంతంగా. అందులో నాకూ భాగం ఉంది.

నేను ఆ లైన్లు వేసి ఉంటే అజ్మల్ బతికేవాడు అనటం లేదండి, తెలుగు పేపర్ చదివి తాలిబాన్ ఎవరినీ వదలరు. కానీ రోమ్‌లో, లండన్లో, అన్ని చోట్లా డెస్కుల మీద నాలాంటి వాళ్లే కూర్చుని ఉంటారు, వాళ్ల స్క్రీన్ మీదా ఆ ఎర్ర బాణమే ఉంటుంది. అందరూ ఆ చివరి పేరానే కొట్టేస్తే ఇంక అతని గురించి అడిగే నాథుడు ఎవడు?

ఇంకో మాట. ఆ బేరం కుదిర్చి తిరిగిన హనెఫీని, మాస్ట్రోజాకొమో బయటకొచ్చిన మర్నాడే అఫ్ఘాన్ సెక్యూరిటీ వాళ్లు పట్టుకెళ్లి దాదాపు మూడు నెలలు లోపల పెట్టారు. కిడ్నాపర్లతో కుమ్మక్కయ్యాడని. పని చేయించుకున్నంతసేపూ మధ్యవర్తి, అయ్యాక అనుమానితుడు. ఇతను కూడా మన పేపర్లలో ఎక్కడా రాడు.

అజ్మల్ లాంటి వాళ్లని ఇంగ్లీషు మీడియా ఫిక్సర్ అంటుంది. నాకు ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. మన వాళ్లకి ఫిక్సర్ అంటే మ్యాచ్ ఫిక్సింగే గుర్తొస్తుంది, ఏదో బ్రోకర్ అనుకుంటారు. ఆ మనిషి చేసేది ఏంటంటే ఎవరిని కలవాలో చెప్తాడు, ఏ రోడ్డు మీద వెళ్తే ప్రాణం పోదో చెప్తాడు, ప్రశ్నని మర్యాదగా మార్చి అడుగుతాడు, జవాబులో అబద్ధం ఎక్కడుందో కళ్లతో సైగ చేస్తాడు. అది రిపోర్టింగ్ కాకపోతే ఇంకేంటి? ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2006 డిసెంబర్లో 1738 అని ఒక తీర్మానం చేసింది, యుద్ధాల్లో జర్నలిస్టుల మీద దాడులు ఆపాలని, అందులో జర్నలిస్టులతో పాటు "అనుబంధ సిబ్బంది" అని కూడా రాశారు. అంటే కాగితం మీద అజ్మల్ ఉన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే బేరం దగ్గర లేడు.

సరే, మీరు అడిగిన గోలా మౌనమా అన్న దానికి వస్తాను. ఇందులో రెండు వైపులా ఉదాహరణలున్నాయి. అదే 2007 మార్చిలో గాజాలో బీబీసీ విలేకరి అలన్ జాన్‌స్టన్‌ని ఎత్తుకుపోయారు. బీబీసీ ఊరుకోలేదు, ర్యాలీలు పెట్టింది, ఆన్‌లైన్ పిటిషన్ మీద రెండు లక్షల పైన సంతకాలొచ్చాయి, హమాస్‌తో మాట్లాడం అని భీష్మించుకున్న బ్రిటన్ కూడా జెరూసలేంలో ఉన్న తన కాన్సుల్ జనరల్‌ని హమాస్ నేత ఇస్మాయిల్ హనియే దగ్గరికి పంపింది. కానీ చివరికి పని జరిగింది జూన్లో గాజా మొత్తం హమాస్ చేతికొచ్చి, ఆ కిడ్నాపర్ల ముఠాని చుట్టుముట్టాక. 114 రోజులకి జులై 4న వదిలారు. మరి దీనికి పూర్తిగా రివర్స్, న్యూయార్క్ టైమ్స్ విలేకరి డేవిడ్ రోడ్. 2008 నవంబర్లో కాబూల్ దగ్గర ఆయన్నీ, తాహిర్ లుద్దీన్ అనే అఫ్ఘాన్ జర్నలిస్టునీ, డ్రైవర్నీ పట్టుకుపోతే ఏడు నెలలు ప్రపంచంలో పెద్ద పెద్ద పేపర్లన్నీ మాట్లాడుకుని ఒక్క ముక్క రాయలేదు. 2009 జూన్లో రోడ్, తాహిర్ ఇద్దరూ పాకిస్థాన్లో మీరాన్‌షాలో రాత్రిపూట తాడు పట్టుకుని గోడ దిగి పారిపోయారు. ఏ మంత్రీ విడిపించలేదు.

కాబట్టి గోలా మౌనమా అన్నది కిడ్నాపర్‌కి ఏం కావాలో దాన్ని బట్టి ఉంటుంది. డబ్బు కోసం పట్టుకున్నవాడికి గోల చేస్తే రేటు పెరుగుతుంది, పేరు కోసం పట్టుకున్నవాడు చంపితే పరువు పోతుందని కాస్త వెనకాడతాడు. లోపల జరిగే పని మాత్రం ఎప్పుడూ ఒకటే, ముందు మనిషి బతికున్నాడా అని తేల్చుకోవడం, దానికి బందీకి తప్ప ఇంకెవరికీ తెలియని ప్రశ్న ఒకటి పంపిస్తారు, చిన్నప్పుడు పెంచుకున్న కుక్క పేరేంటి లాంటిది. సరైన జవాబు వస్తేనే తర్వాతి మాట. యూరప్ దేశాలు డబ్బులిచ్చాయా అంటే ఎవరూ ఒప్పుకోరు, ఇవ్వలేదని మాత్రం నేను నమ్మను. అమెరికా అయితే ఇవ్వం అని గట్టిగా కూర్చుని, సిరియాలో బందీ అయిన అమెరికన్ విలేకరి జేమ్స్ ఫోలీ ఇంటివాళ్లు చందాలు పోగు చేసుకుందామంటే మీ మీద కేసు పెట్టాల్సి వస్తుందని బెదిరించింది, 2014 ఆగస్టులో ఆ అబ్బాయిని చంపాక, మరుసటి ఏడాది ఒబామా విధానం మార్చి కుటుంబాల జోలికి రాం అన్నాడు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి అడిగితే గానీ ఆ చిన్న మాట రాలేదు.

నేను ఇన్నేళ్లు చూసినదాంట్లో నాకు గట్టిగా తెలిసింది ఒకటే. మొదటి రోజు నుంచీ ఇద్దరి పేర్లూ కలిపి చెప్పిన చోట ఇద్దరూ బయటపడతారు. 2005 జనవరిలో బాగ్దాద్లో ఫ్రెంచి విలేకరి ఫ్లోరెన్స్ ఒబెనాస్‌నీ, ఆమెతో పనిచేసే ఇరాకీ హుస్సేన్ హనూన్‌నీ ఎత్తుకుపోతే ఫ్రాన్స్‌లో జనం "ఫ్లోరెన్స్, హుస్సేన్" అనే అన్నారు, పారిస్‌లో కట్టిన బ్యానర్ల మీద ఇద్దరి మొహాలూ పక్కపక్కనే. 157 రోజులు. ఇద్దరూ బయటకొచ్చారు. ఒక్క ఉదాహరణతో ఎలా చెప్తారని ఎవరైనా అడగొచ్చు. అడగండి. నాకు ఆ ఒక్కటి చాలు.

2009 సెప్టెంబర్లో ఇంకోసారి అలాంటి కాపీయే నా దగ్గరికొచ్చింది. అఫ్ఘానిస్థాన్లో కుందుజ్ దగ్గర ఇంధన ట్యాంకర్ల మీద బాంబులు పడి జనం చచ్చిపోతే ఆ వార్త కోసం వెళ్లిన న్యూయార్క్ టైమ్స్ విలేకరి స్టీఫెన్ ఫారెల్‌నీ, ఆయనతో ఉన్న సుల్తాన్ మునాదీనీ తాలిబాన్లు పట్టుకుపోయారు. జర్మనీలో చదువుకుంటూ సెలవులకి ఇంటికొచ్చిన అఫ్ఘాన్ జర్నలిస్టు ఈ మునాదీ. నాలుగు రోజులకి బ్రిటిష్ కమాండోలు తెల్లవారుజామున దాడి చేశారు. జర్నలిస్ట్, జర్నలిస్ట్ అని అరుస్తూ ముందు నడిచిన మునాదీ తూటాలకి అక్కడే పడిపోయాడు, ఒక బ్రిటిష్ సైనికుడూ పోయాడు, ఫారెల్‌ని హెలికాప్టర్లో తీసుకుపోయారు. మునాదీ శవాన్ని అక్కడే వదిలేశారు, ఇంటివాళ్లే వెళ్లి తెచ్చుకున్నారు. ఏజెన్సీ హెడ్డింగ్ మాత్రం బ్రిటిష్ జర్నలిస్టుకు విముక్తి అనే.

ఈసారి నేను కాపీ చివరి నుంచి మొదలుపెట్టి రాశాను. హెడ్డింగ్ "కుందుజ్ దాడిలో జర్నలిస్టు సుల్తాన్ మునాదీ మృతి". ఇన్‌చార్జి గారు ప్రింటవుట్ చూసి "ఎవరయ్యా ఇతను, ఎవరికి తెలుసు, ఫారెల్ పేరు పెట్టు" అన్నారు. "ఫారెల్ బతికే ఉన్నాడు సార్, రెండో పేరాలో ఉన్నాడు" అన్నాను. ఆయన ఇంకోసారి మొత్తం చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టి ఇచ్చారు. ఆ రోజు మాత్రం ఎర్ర బాణం కనబడితే ఫొటో చిన్నది చేశాను.