ఇంటి నీటికి బొగ్గు ఫిల్టరు పెట్టించే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఫ్రిస్కోలో కొత్త ఇంట్లో కుళాయి తిప్పితే ఈత కొలను వాసన వస్తోందని రాశావు. ఇంటి మొత్తానికి ఒకే కార్బన్ (బొగ్గు) ఫిల్టరు పెట్టించుకోమని ఒకాయన వచ్చి చెప్పి వెళ్లాడని కూడా రాశావు. సంతకం పెట్టకముందే నన్ను అడిగి మంచి పని చేశావు. డయాలిసిస్ కేంద్రంలో నీటి శుద్ధి చూసుకుంటూ 20 ఏళ్లు గడిపినవాణ్ణి, బొగ్గు గుణం నాకు బాగా తెలుసు.

ముందు ఆ వాసన సంగతి. మీ ఊరికి నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదిలో ఎక్కువ కాలం క్లోరమైన్ వాడుతుంది. క్లోరిన్‌కు కాస్త అమోనియా కలిపితే వచ్చేది అది. పైపుల్లో ఎక్కువ దూరం నిలుస్తుంది, వాసనా తక్కువ. ఏటా ఒకసారి, మామూలుగా మార్చిలో, సుమారు 4 వారాలు అమోనియా ఆపి ఉత్త క్లోరిన్ పంపుతారు. పైపులను శుభ్రంగా ఉంచడానికి ఆ ఏర్పాటు. ఇప్పుడు నీకు వస్తున్న వాసన చాలావరకు అదే. అది పోవడానికి మాత్రమే అయితే ఈ నెల గడిచేదాకా ఆగి చూడు.

అయినా ఫిల్టరు కావాలనుకుంటే, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుని కొను. కొబ్బరి చిప్పలను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గుకు 800 డిగ్రీలకు పైన ఆవిరి పట్టిస్తారు. దాంతో కంటికి కనిపించని రంధ్రాలు లోపలంతా ఏర్పడతాయి. చిటికెడు బొగ్గు, అంటే ఒక గ్రాము, లోపలి గోడలను పరిస్తే 1,000 చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన లెక్కలో పాతిక సెంట్ల స్థలం! చెడు రుచినీ వాసననూ ఇచ్చే సేంద్రియ పదార్థాలు ఆ గోడలకు అంటుకుని ఉండిపోతాయి. క్లోరిన్ కథ వేరు. అది బొగ్గుతో చర్య జరిపి మామూలు క్లోరైడుగా మారిపోతుంది, అదీ చాలా త్వరగా. క్లోరమైన్ మాత్రం అంత తొందరగా లొంగదు. దానికోసం ప్రత్యేకంగా తయారుచేసే క్యాటలిటిక్ కార్బన్ వాడాలి, నీళ్లు బొగ్గులో ఎక్కువసేపు ఉండాలి.

అసలు కిటుకంతా ఈ 'ఎక్కువసేపు'లోనే ఉంది తల్లీ. ఒక ఘనపుటడుగు స్థలంలో ఏడున్నర గ్యాలన్లు పడతాయి. రెండు షవర్లు, బట్టలుతికే యంత్రం ఒకేసారి నడిస్తే నిమిషానికి సుమారు అన్ని నీళ్లే పారతాయి. అంటే ఘనపుటడుగు బొగ్గుతో నీటికి దక్కేది ఒక్క నిమిషం. గోడకు తగిలించే 20 అంగుళాల పెద్ద క్యాట్రిడ్జిలో అదే వేగానికి 10, 12 సెకన్లు కూడా దక్కవు. నేను పనిచేసిన చోట రెండు బొగ్గు ట్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి ఉండేవి. ఒక్కోదానిలో 5 నిమిషాలు, మొత్తం 10. ప్రతి షిఫ్టుకు ముందు మొదటి ట్యాంకు దాటిన నీటిని పట్టి పరీక్షించేవాళ్లం. అందులో క్లోరిన్, క్లోరమైన్ కలిపి లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే రోగులను యంత్రానికి కలపకూడదు. క్లోరమైన్ నేరుగా రక్తంలో కలిస్తే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. తాగే నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాముల దాకా చట్టమే ఒప్పుకుంటుంది, కడుపులోకి వెళ్లినదాన్ని శరీరం విరిచేసుకోగలదు. కాబట్టి మీ ఇంటికి 10 నిమిషాలు అక్కర్లేదు. కానీ రెండు ఘనపుటడుగుల క్యాటలిటిక్ కార్బన్‌కు తక్కువైతే ఒప్పుకోకు.

ఆయన టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలను కొలిచేది, ముంచి చూపించాడన్నావు. ఆ అంకెకూ బొగ్గుకూ సంబంధం లేదు. ఆ లవణాలను బొగ్గు తాకదు. కెటిల్ అడుగున పట్టే తెల్లని పొర అలాగే ఉంటుంది. ఫ్లోరైడు, నైట్రేటు కూడా అంతే. నీటి కాఠిన్యం తీసే సాఫ్టనర్ కూడా పెట్టించుకుంటే బొగ్గు ట్యాంకు దానికి ముందు ఉండాలి, క్లోరిన్ దానిలోని రెజిన్ పూసలను పాడుచేస్తుంది. ధ్రువపత్రం అడిగి చూడు. ఫిల్టర్లకు ఇచ్చే ప్రమాణాల్లో ఎన్ఎస్ఎఫ్ 42 అంటే రుచి, వాసన, క్లోరిన్ వరకే. సీసం పోతుందని చెబితే 53 చూపించమను.

బిగించేటప్పుడు తోటకు వెళ్లే పైపును ఫిల్టరుకు ముందే చీల్చమను, గడ్డికి బొగ్గు నీళ్లు దండగ. బొగ్గుకు ముందు మట్టిని ఆపే 5 మైక్రాన్ల ఫిల్టరు, నీళ్లను ఫిల్టరులోకి పోనివ్వకుండా నేరుగా ఇంట్లోకి మళ్లించే బైపాస్ వాల్వు, బ్యాక్‌వాష్ (నీళ్లను వెనక్కి పారించి బొగ్గును కడగడం) నీళ్లు పోవడానికి కాలువ ఉన్నాయో లేదో చూసుకో. కొత్త బొగ్గును ఒక రాత్రి నానబెట్టి, నల్లని పొడి పోయేదాకా కడిగిన నీటిని కాలువలోకే వదలాలి.

ఇంకొక మాట, దీన్ని ఎవరూ చెప్పరు. క్లోరిన్ తీసేశాక మీ ఇంటి పైపుల్లో క్రిములు పెరగకుండా కాపలా ఉండదు. ఒక సంక్రాంతికి నేను నెల రోజులు రాజమండ్రి వెళ్లి వచ్చేసరికి, బొగ్గు ఫిల్టరున్న మా ఇంట్లో వంటింటి కుళాయిలో ముక్కిన వాసన. ట్యాంకును కడిగి, అన్ని కుళాయిలనూ చాలాసేపు వదలాల్సి వచ్చింది. మీరు ఊరికి వెళ్లే ముందు బైపాస్ తిప్పి, ఊరి నీళ్లు పైపులన్నిటిలో నిండేలా కుళాయిలు కాసేపు వదలండి. తిరిగి వచ్చాక ముందు బ్యాక్‌వాష్ చేసి, ఆ తర్వాతే బైపాస్ మూయండి.

టోటల్ క్లోరిన్, అంటే క్లోరిన్, క్లోరమైన్ రెండూ కలిపి చూపే పరీక్ష పట్టీలు కొనుక్కో. ఫ్రీ క్లోరిన్ మాత్రమే చూపేవి క్లోరమైన్‌ను పట్టవు. ఫిల్టరుకు ముందూ తర్వాతా నెలకొకసారి ముంచి, అంకెలను తేదీతో రాసిపెట్టు. తర్వాతి అంకె లేచిన రోజు బొగ్గు అలిసిపోయిందని అర్థం, అమ్మినవాడు ఎన్నేళ్లు చెప్పినా సరే.

ఆయన ఇచ్చిన కాగితాన్ని ఫోటో తీసి పంపు. ధర ఉన్న పేజీ కాదు, బొగ్గు ఎన్ని ఘనపుటడుగులో, ఏ రకమో రాసి ఉన్న పేజీ. అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మామయ్య