దూడల చావు లెక్క రాసేముందు

చి. అమ్మలూ,

ఆశీస్సులు. నీ పీజీ పరిశోధనకు గేదెదూడల పారుడు (విరేచనాల జబ్బు) అంశం ఖాయమైందని, నమూనాలకు మన కోనసీమ పల్లెలే తిరుగుతావని మీ నాన్న చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్లు ఈ కాలవగట్ల మీద పశువైద్యం చేసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

పేడ సీసాలు పట్టుకుని నేరుగా దూడ దగ్గరకు వెళ్లకు. ముందు ఆ ఇంటి ఇల్లాలి పక్కన కూర్చో. గేదె రాత్రి ఈనిందా, పగలా? మాయ ఎన్ని గంటలకు పడింది? దూడ ఎప్పుడు లేచి పొదుగు అందుకుంది? తొలి జున్నుపాలు ఎటు వెళ్లాయి? ఇవన్నీ ఆవిడకే తెలుసు. ఆ ఆఖరి ప్రశ్న మాత్రం మెత్తగా అడుగు. జున్ను ఇరుగుపొరుగుకు పంపడం మన దగ్గర మర్యాద, తప్పు పట్టినట్టుంటే నిజం చెప్పరు.

నేను ఈ ప్రశ్న అడక్కే పొరపాటు చేశాను. రాజోలు అవతల ఒక లంకలో ఒకే వీధిలో మూడు దూడలు వరసగా పోయాయి. మందులిచ్చాను, పుస్తకంలో "పారుడు" అని రాసుకున్నాను. నాలుగోది పోయినరోజు ఆ ఇంటావిడ తనంతట తనే అంది: "మాయ పడలేదని దూడని కట్టేశామండీ, రెండు పూటల పాలూ జున్నుకే పోయాయండీ" అని. మిగతా మూడిళ్లలో అడిగితే అదే మాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి మాయ దాటి దూడకు చేరదు. జున్నుపాలతోనే చేరాలి, అదీ మొదటి గంటల్లో. ఒక రోజు గడిచేసరికి దూడ పేగు దాన్ని పీల్చుకోవడం మానేస్తుంది. థియోబాల్డ్ స్మిత్, లిటిల్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి 1922లోనే చూపించారు. అయినా "మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదు" అనే మాట మన పాకల్లో ఇంకా బతికే ఉంది. ముప్పై కిలోల దూడకు మొదటిరోజు మూడు లీటర్లు పడాలి. చెరకు రసంలో తీపి చూసే బ్రిక్స్ పరికరం ఉంది కదా, దానితోనే జున్నుపాల నాణ్యతా అక్కడికక్కడే తెలుస్తుంది. ఆవు జున్నుపాలకు 22 దాటితే మంచివంటారు. గేదెకు ఆ గీత ఎక్కడ పడుతుందో నీ నమూనాలతో నువ్వే తేల్చు. మొదటి వారంలో దూడ రక్తం కూడా తీసి సీరంలో ప్రోటీను చూడు. ఆ రెండంకెలూ పక్కపక్కన ఉంటే నీ థీసిస్‌కు వెన్నెముక దొరికినట్టే.

దూడ వయసు రోజుల్లో రాయి. మొదటి వారంలో పారేదానికీ నెలకు పారేదానికీ కారణం ఒకటి కాదు. ముఖ్యంగా ఏలికపాముల విషయంలో జాగ్రత్త. వాటి పిల్లలు తల్లి పాలతోనే దూడలోకి వస్తాయి, కానీ గుడ్లు పేడలో కనిపించడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. పదోరోజు పేడలో గుడ్లు లేవని "పాములు లేవు" అని రాశావో, తప్పు రాసినట్టే. పదోరోజుకే పిపెరజీన్ అనే పాముల మందు పట్టించమని మేం చెప్పేది అందుకే. మట్టిరంగు పారుడు, ఉబ్బిన పొట్ట, నూనె లేనట్టు రేగిన వెంట్రుకలు కనిపిస్తే అనుమానించు.

ఇంకోటి, చెప్పడానికి కష్టమైనది. చనిపోయిన దూడ దున్నా, పెయ్యా అన్నది తప్పకుండా రాయి. దున్నదూడకు పాలు దండగ అనుకునే ఇళ్లున్నాయి. అక్కడ దాన్ని చంపింది సూక్ష్మజీవి ఒక్కటే కాదు, ఆకలి కూడా. దూడ పోయాక గేదె చేపక, సూది మందుతో పాలు పిండే ఇంటిని చూస్తే ఆ లెక్క ఎంత తప్పో నీకే తెలుస్తుంది.

తల్లినీ వదలకు. గేదె చూడికాలం సుమారు 310 రోజులు. చూడి కోసం సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ చీటీ ఉంటే ఈనే వారం ముందే తెలుస్తుంది, నువ్వు ఆ పాకలో ఉండొచ్చు. చూడి చివరి రెండు నెలలు పాలు ఆపారా, లవణ మిశ్రమం పెట్టారా, ఉత్త వరిగడ్డితోనే నెట్టుకొచ్చారా అడుగు. ఇంతకుముందు నెలలు నిండకుండా ఈసుకుపోయిందా అని కూడా. అవునంటే ఈసుడు రోగం (బ్రూసెల్లోసిస్) అనుకునే మెలుగు: చేతికి తొడుగు లేకుండా మాయను ముట్టుకోకు. ఆ జ్వరం మనుషులకూ వస్తుంది, నా తోటివాళ్లు పడ్డారు. పెయ్యలకు 4 నుంచి 8 నెలల మధ్య ఒక్కసారి వేసే టీకా సంగతి ఆ ఇంట్లో చెప్పిరా.

వానాకాలంలోనే ఈతలు ఎక్కువ, గోదావరి వరదా అప్పుడే. లంకలకు పడవ దొరకని రోజులుంటాయి, కాబట్టి ఐసు పెట్టె రెండు రోజులకు సరిపడా సర్దుకో. ఫలితాలు వచ్చాక నమూనా ఇచ్చిన ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లి చెప్పు. ఆ నాలుగిళ్లకు నేను వెళ్లి చెప్పేసరికి ఏడాది దాటింది.

మీ పెద్దమ్మ నీ కోసం ముందుగది సర్దింది. బయలుదేరే ముందు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న