బార్సూమ్ ఎలా వెలిగింది, ఎందుకు పాడుబడింది?

ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టిన కథల్లో, అంగారకుడిని అక్కడివాళ్లు బార్సూమ్ అని పిలుస్తారు. దాని పతనానికి కారణం శత్రువులు కాదు, నీళ్లు. యుద్ధాలన్నీ ఆ తర్వాత వచ్చినవే.

ఒకప్పుడు అక్కడ మహాసముద్రాలుండేవి. ఒరోవార్లు అనే జాతివాళ్లు ఓడల మీద వ్యాపారం చేసి గొప్ప నగరాలు కట్టారు. తర్వాత సముద్రాలు మెల్లగా ఇంకిపోయాయి. నీళ్లు వెనక్కి వెళ్తున్నకొద్దీ జనం కొత్త రేవులు కడుతూ వాటి వెంటే దిగువకు వెళ్లారు. నాకు ఆ కథల్లో అన్నిటికన్నా మనసును పిండేసేది ఇదే. చివరికి ఓడలకు నీళ్లే లేవు. పాడుబడ్డ ఆ నగరాల్లో ఇప్పుడు ఆకుపచ్చ సంచార జాతులు మకాం వేస్తుంటాయి. పాత జాతుల కలయికతో పుట్టిన ఎర్ర మనుషులు ధ్రువాల మంచునీటిని కాలువల ద్వారా తెచ్చుకుంటూ బతుకుతారు. గాలి కూడా పలచబడటంతో దాన్ని ఒక ఫ్యాక్టరీలో తయారుచేయాల్సి వస్తుంది. అందులోకి వెళ్లే రహస్యం తెలిసినవాళ్లు గ్రహం మొత్తానికి ఇద్దరే! అది ఆగితే అందరూ పోతారు.

ఈ కాలువల ఊహ వెనక అసలు కథ ఉంది. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త షియాపరెల్లి అంగారకుడిపై గీతలు చూశానన్నాడు, అమెరికా ఖగోళ శాస్త్రవేత్త పర్సివల్ లోవెల్ అవి ఎండిపోతున్న గ్రహంవాళ్లు తవ్విన కాలువలేనని గట్టిగా వాదించాడు. 1965లో మారినర్ 4 అనే అమెరికా అంతరిక్ష నౌక పంపిన ఫొటోల్లో కాలువలు లేవు, ఉల్కలు పడ్డ గుంతలే ఉన్నాయి.