ముందు హారన్ వెనక్కి తిప్పి చూడు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. పాత మోటార్ సైకిళ్ల మీది హారన్ చూసి, అది ఫ్యాక్టరీలో బిగించిందా, తర్వాత ఎవరైనా తగిలించిందా అని తేల్చి చెప్పే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వినగానే పొంగిపోయాను. మా ఇంట్లో ఈ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నా. కాసేపటికే గుబులు కూడా పట్టుకుంది. అది ఎందుకో కింద రాస్తాను, దాటేయకుండా చదువు.

నీకు తెలిసినవి త్వరగా చెప్పేస్తా. ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు ముందు రాసుకో. ఆ మోడల్‌ది, ఆ ఏడాదిదే పార్ట్స్ బుక్ సంపాదించు. అమ్మకాల బ్రోషర్‌లో బొమ్మను పట్టుకుని వాదించకు, ఆ బొమ్మలకి అప్పట్లోనే మెరుగులు దిద్దేవాళ్లు.

అసలు ఆ బండికి ఫ్యాక్టరీ హారన్ అంటూ ఒకటుందా అన్నది మొదట తేల్చుకో. 1920ల్లో చాలా బ్రిటిష్ బళ్లకి కరెంటు లైట్లు, హారన్ విడిగా డబ్బిచ్చి వేయించుకోవాల్సినవే. రబ్బరు బుడ్డి నొక్కితే మోగే హారన్ కొనుక్కుని బిగించుకున్నవాళ్లు ఎందరో. అలాంటి బండి తెచ్చి 'ఒరిజినల్ హారన్ ఏది' అని అడిగితే, ఫ్యాక్టరీ నుంచి ఏదీ రాలేదని చెప్పడానికి మొహమాటపడకు. బ్రిటన్‌లో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ అని 1946లో పెట్టారు. బీఎస్ఏ, ట్రయంఫ్ లాంటి కంపెనీల డిస్పాచ్ రికార్డులు వాళ్ల లైబ్రరీలో ఉన్నాయి. బండి ఫ్యాక్టరీ గేటు ఎప్పుడు దాటిందో అక్కడ తెలుస్తుంది. ఆ తేదీ లేకుండా హారన్ గురించి నోరు విప్పకు.

తర్వాత తయారీదారు. బ్రిటిష్ బళ్లలో ఎక్కువగా కనిపించేది బర్మింగ్‌హామ్ లూకాస్ వాళ్ల సరుకు, అందులోనూ నల్లటి గుండ్రటి ముఖం, చుట్టూ క్రోమ్ రిమ్ ఉన్న ఆల్టెట్ అనే రకం. బీఎండబ్ల్యూ మీద బాష్, పాత హార్లీల మీద డెల్కో రెమీ, చెక్ జావాల మీద పాల్ గుర్తు వెతుకు. అయితే పేరు సరిపోయిందని సంబరపడకు. ఒకే కంపెనీ అటూ ఇటూగా ఒకేలా ఉండే హారన్లు ఏళ్ల తరబడి చేసింది. తేడా ముఖంలో దొరకదు. వెనక్కి తిప్పాలి, అంచు చూడాలి, హారన్‌ని ఫ్రేమ్‌కి పట్టించే బ్రాకెట్ చూడాలి.

లూకాస్ హారన్ల మీద 'హెచ్ఎఫ్' అక్షరాల తర్వాత మోడల్ నంబరు, వోల్టేజీ, చాలావాటికి తయారీ తేదీ గుద్ది ఉంటాయి. తేదీలో చివరి రెండంకెలు ఏడాది, ముందువి నెలో వారమో. హారన్ తేదీ బండి తేదీకి కొన్ని వారాలో నెలలో ముందుండాలి. బండి తర్వాత తయారైన హారన్ ఆ బండితో పుట్టింది కాదు, అంతే. ఇక్కడ చాలామంది బోల్తా పడేది మోడల్ ఏడాది దగ్గర. బ్రిటిష్ ఫ్యాక్టరీలు ఎండాకాలం సెలవులయ్యాక, ఏడాది తిరక్కముందే వచ్చే ఏడాది మోడల్ కట్టడం మొదలుపెట్టేవి. 1954 మోడల్ బండి 1953 నవంబరులోనే బయటికొచ్చి ఉండొచ్చు. దాని మీద 1953 సెప్టెంబరు హారన్ ఉంటే తప్పు కాదు, అదే అసలైన లెక్క.

ఇక గుబులు సంగతి. మీ నాన్న ఇది నీకు చెప్పి ఉండడు. చెప్పొద్దని నాతో ఎప్పుడూ అనలేదు కాబట్టి చెప్తున్నా.

వాడికి అప్పుడు ఇంచుమించు నీ వయసే. మా దగ్గరికి 1949 మోడల్ బీఎస్ఏ బి31 ఒకటి వచ్చింది. ట్యాంకు వేరే బండిది, కార్బురేటర్ వేరే బండిది, చక్రాలు ఇంకెక్కడివో. హారన్ ఒక్కటే కదలకుండా ఉన్నట్టనిపించింది. నల్ల ఎనామెల్ సగం రాలిపోయింది, రిమ్ మీద క్రోమ్ బొబ్బలెక్కింది, కానీ బ్రాకెట్ కింద ఫ్రేమ్ మీద పాత రంగు సరిగ్గా బ్రాకెట్ ఆకారంలోనే నిలిచి ఉంది. విప్పి బిగిస్తే రంగు అలా ఉండదు. బండి యజమాని పెద్దాయన, ఆ బండిని కొత్తగా కొన్నది ఆయన తండ్రి. హారన్ మీద అంకెలు రాసుకుని, డిస్పాచ్ తేదీ తెప్పించి, రెండూ పోల్చి చూద్దామనుకున్నాం.

నేను లేని పూట మీ నాన్న హారన్ విప్పి, రిమ్ తీసి, మెరుగుపెట్టడానికి గిర్రున తిరిగే గుడ్డ చక్రం ఉంటుందే, ఆ బఫింగ్ చక్రం మీద పట్టాడు. నేను వచ్చేసరికి తళతళలాడించి చూపించాలని వాడి ఆశ. అంతకుముందే బ్రాకెట్ ఉన్న చోటంతా ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దేశాడు. సన్నటి రింగుని బఫింగ్ చక్రం దగ్గర పెడితే ఏమవుతుందో నువ్వు చూడలేదు. అంచు ఒకచోట గుడ్డకి చిక్కితే చాలు, చేతిలోంచి ఊడబెరుక్కుని తిప్పి కొడుతుంది. మీ నాన్న ఎడమ బొటనవేలి మొదట్లో తెల్లటి గీత ఉంటుంది చూడు, చిన్నప్పుడు కత్తిపీట తెగిందని నీకు చెప్పాడే, అది ఆ రిమ్ కోసిన కోత. కుట్లు వేస్తున్నంతసేపూ వాడి రెండో చెయ్యి నేనే పట్టుకున్నా. అప్పుడు కూడా వాడు 'అన్నయ్యా, రిమ్ వంగిందా?' అనే అడిగాడు.

వంగింది. వంకర తీయించగలిగాం. కానీ అంచు మీది అంకెలు పోయాయి. వేలితో తడిమితే ఏదో ఉందనిపించేది, చదవడానికి మాత్రం రాలేదు. డిస్పాచ్ తేదీ తర్వాత వచ్చింది. పెద్దాయన వచ్చి, 'మా నాన్న మోగించిన హారన్ ఇదేనా?' అని ఒక్క మాట అడిగారు. తేదీ లేదు, బ్రాకెట్ కింద రంగూ లేదు. అయ్యుండొచ్చని మాత్రమే చెప్పగలిగాం. ఆయన ఏమీ అనలేదు, మీ నాన్నే తల దించుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత వాడు బళ్ల పనికి దూరమైపోయాడు. చెయ్యి తెగినందుకని ఇంట్లో అందరూ అనుకున్నారు. నాకు తెలుసు, అందుకు కాదు.

అందుకే చెప్తున్నా, చదవకముందే తుడవకు. వైర్ బ్రష్, సాండ్ బ్లాస్టింగ్, బఫింగ్, ఏవీ వద్దు. కొద్దిగా కిరోసిన్ తడిపిన మెత్తటి గుడ్డతో మురికి నానబెట్టి తియ్యి. గదిలో లైటు ఆర్పి, టార్చిని అంచుకి ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకో. ఎదురుగా చూస్తే కనపడని అంకెల గాట్లలో నీడలు తేలతాయి. అప్పటికీ తేలకపోతే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో పక్కవాటుగా రుద్దు. క్రోమ్ కొత్తగా వేయించాలని యజమాని పట్టుబట్టినా, ప్లేటింగ్‌కి ముందు పాలిష్ పడుతుందని, అంకెలు అరుగుతాయని ఆయనకి చెప్పి, ఫోటోలు తీశాకే ఇవ్వు.

అంకెలు దొరికాక కూడా తొందరపడకు. తేదీ కొత్తగా గుద్ది అమ్మేవాళ్లున్నారు. రిమ్ మీద అంకెలు ఫ్యాక్టరీలో గుద్దాకే క్రోమ్ వేస్తే, గాటు లోపలా క్రోమ్ ఉంటుంది, అంచులు మెత్తగా ఉంటాయి. క్రోమ్ మీద తర్వాత గుద్దితే పూత చిట్లుతుంది, అంచు గోరుకి తగులుతుంది. భూతద్దం కొనుక్కో, అది ఖర్చు కాదు.

స్క్రూలు చూడు. లూకాస్ వాళ్లు బీఏ, అంటే బ్రిటిష్ అసోసియేషన్ అనే పాత కొలత మరలు వాడేవాళ్లు, తల మీద ఒకటే గాడి. ప్లస్ గాడి కనిపిస్తే ఆ స్క్రూ మార్చారు, లేదా హారనే నకలు. ఆ కొలతల్లో ఒకటైన 2బీఏ స్క్రూ లావు 4.7 మిల్లీమీటర్లు. మెట్రిక్ ఎం5 లావు 5, కానీ మర మధ్య దూరం రెండింటికీ దాదాపు ఒకటే. అందుకే ఎం5ని పాత రంధ్రంలోకి బలవంతంగా దూర్చితే మొదట్లో ఎక్కినట్టే ఉంటుంది, తర్వాత మర మొత్తం చెడగొడుతుంది. బిగుతుగా ఉంటే ఆగిపో.

మోగని హారన్ని నకలనో, చచ్చిందనో పారేయించకు. పాత బ్రిటిష్ బళ్లలో చాలావాటికి హ్యాండిల్ మీది బటన్ హారన్‌కి ఎర్త్ ఇస్తుంది, అంటే కరెంటు దారి అక్కడే పూర్తవుతుంది. అక్కడ తుప్పు పట్టినా హారన్ మూగబోతుంది. విడిగా తీసి, దాని వోల్టేజీ బ్యాటరీకి మంచి వైరుతో, ఫ్యూజు పెట్టి కలుపు. క్షణంసేపే నొక్కు, కాయిల్ వేడెక్కుతుంది. ఆరు వోల్టుల హారన్ని పన్నెండుకి కలపకు. ట్రయంఫ్, బీఎస్ఏ 650 సీసీ బళ్లు 1966కి పన్నెండు వోల్టులకి మారాయి. అంతకుముందు బండి మీద పన్నెండు వోల్టుల హారన్ ఉందంటే, ఎవరో మార్చారన్న అనుమానంతోనే మొదలుపెట్టు.

రాసిచ్చేటప్పుడు 'ఈ బండితో వచ్చిన హారన్' అని ఊరికే రాయకు. తేదీ, మోడల్, బ్రాకెట్ గుర్తులు మూడూ కలిస్తేనే ఆ మాట వాడు. రెండే కలిస్తే 'ఈ ఏడాదికి సరిపోయే రకం' అని రాయి. అవతలివాళ్ల మొహం చిన్నబోతుంది, అయినా మెత్తబడకు. నీ మనసు నాకు తెలుసు, ఎవరైనా ఆశగా చూస్తే కాదనలేవు. ఈ ఒక్క దగ్గర కాదను.

మొదటి హారన్ చేతికి రాగానే విప్పకముందే వెనకవైపు, అంచు, బ్రాకెట్ ఫోటోలు నాకు పంపు. బఫింగ్ మెషీన్ కొనాలనిపిస్తే కొనకముందే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. ఈ ఉత్తరం మీ నాన్నకి కూడా చూపించు. కత్తిపీట సంగతి బయటపెట్టానని కోప్పడితే నాతో మాట్లాడమను. తర్వాత బ్రాకెట్ కింద రంగు ఎలా చదవాలో వాణ్ణే అడుగు. నాకంటే వాడి కన్ను మంచిది.

మీ పెదనాన్న