నాన్నగారు 52కే వెళ్లిపోయారు, నా ఇంటి అప్పు 58 దాకా ఉంది

ప్రశ్న: నా వయసు 41. రాజమహేంద్రవరంలో ప్రైవేటు ఉద్యోగం. భార్య, ఇద్దరు పిల్లలు. ఇంటి అప్పు ఇంకా 32 లక్షలుంది, వడ్డీ ఎనిమిదిన్నర శాతం, 58వ ఏటి దాకా వాయిదాలున్నాయి. రోజుకు ఎనిమిది సిగరెట్లు కాలుస్తాను. రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. నాన్నగారు 52వ ఏట గుండెపోటుతో పోయారు. టర్మ్ పాలసీ (గడువులోగా మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) ఫారంలో పొగాకు అలవాటు ‘లేదు’ అని రాయమంటున్నారు ఏజెంటు. ప్రీమియం బాగా తగ్గుతుందట, మూడేళ్లు దాటితే ఎవరూ అడగరట. అలా రాయవచ్చా?

జవాబు: రాయకండి.

ఏజెంటు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని మోసం పేరుతో కూడా కంపెనీ ప్రశ్నించడానికి వీల్లేదు. ఆయన చెప్పనిది ఆ మూడేళ్ల లోపలి సంగతి. రెండో ఏట మీరు ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్లారనుకోండి. సిగరెట్ అలవాటు ఉందా అని డాక్టరు అడుగుతారు. మీ భార్య నిజమే చెబుతారు, ప్రాణం మీదికి వచ్చిన వేళ ఎవరైనా చెప్పేది నిజమే. ఆ మాట కేస్‌షీట్‌లోకి ఎక్కుతుంది. ఆ మూడేళ్లలోపే మీకేమైనా అయి మీ భార్య క్లెయిమ్ పెడితే కంపెనీ అడిగే కాగితాల్లో అదీ ఒకటి. కంపెనీ దాన్ని మోసమంటే, కాదని నిరూపించాల్సింది మీ భార్యే. పాలసీదారు బతికి లేకపోతే ఆ భారం డబ్బు అందుకోవలసిన వారి మీదే పెట్టింది చట్టం. అసలు అంతదాకా రాకపోవచ్చు కూడా. పాలసీ ఇచ్చే ముందు చేసే మూత్రపరీక్షలో కోటినిన్ (నికోటిన్ నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం) కనిపిస్తే చాలు, నికోటిన్ వాడకం అక్కడే బయటపడుతుంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన రెండు అంకెలు: 52, 58. మీరిచ్చిన వివరాలతో లెక్క వేశాను. నెల వాయిదా దాదాపు 29,700 రూపాయలు. మీకు 52 వచ్చేసరికి బ్యాంకుకు ఇంకా 16.7 లక్షలు బాకీ ఉంటుంది. అప్పటికి పిల్లలు కాలేజీలో ఉంటారు. నాన్నగారిలాగే మీకూ అవుతుందని నేననడం లేదు. కానీ తండ్రికి 55 లోపే గుండెజబ్బు వస్తే డాక్టర్లు దాన్ని కొడుకు ముప్పులో కలిపి చూస్తారు. దానికి మీ సిగరెట్, మీ బీపీ తోడయ్యాయి. ఈ ముప్పులు విడివిడిగా ఉండవు, ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. షుగర్, కొలెస్ట్రాల్ ఎంతున్నాయో మీరు రాయలేదు. ఈ నెలలోనే చూపించుకోండి. పాత పన్ను విధానంలో ఉంటే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు ఆదాయపన్నులో 5,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది.

సిగరెట్ మానితే ఎంత మిగులుతుందో చెప్పడం డబ్బు సలహాలిచ్చే మా వృత్తిలో అలవాటు. రోజుకు 150 రూపాయలనుకుంటే నెలకు 4,500. దాన్ని పదిహేడేళ్లు సిప్‌లో (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పొదుపు) పెట్టి, ఏడాదికి 10 శాతం రాబడి వస్తే 24 లక్షల దాకా అవుతుంది. రాబడికి హామీ లేదనుకోండి. నా దృష్టిలో ఇది చిన్న లెక్కే. బ్రిటన్‌లో 1951లో మొదలుపెట్టి వేలాది డాక్టర్లను యాభై ఏళ్లు గమనించారు. పొగ తాగుతూనే ఉన్నవారు, తాగనివారికంటే సగటున పదేళ్లు ముందుగా చనిపోయారు. నలభై ప్రాంతంలో మానినవారు అందులో తొమ్మిదేళ్లు వెనక్కి తెచ్చుకున్నారు, అరవైలో మానినవారు మూడేళ్లే. మీకు 41. తొమ్మిదేళ్ల బతుకుకు ఏ సిప్ రాబడి సాటి వస్తుంది?

బీపీ గురించి ఒక్కమాట. నొప్పి లేదని మాత్ర ఆపేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆపకండి. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే టీ చెంచాడుకు కాస్త తక్కువే. మన ఆవకాయ, అప్పడాలు అందులోకే వస్తాయి మరి.

పాలసీ విషయానికి వస్తే, అప్పు 32 లక్షలు, ఇంటి ఖర్చు నెలకు 45,000 చొప్పున పదిహేనేళ్లకు 81 లక్షలు, పిల్లల చదువుకు 25 లక్షలు వేసుకున్నా 1.38 కోట్లవుతుంది. 1.4 కోట్లకు టర్మ్ తీసుకోండి. ఆఫీసు ఇచ్చే గ్రూపు బీమాను ఇందులో కలపకండి, ఉద్యోగం పోతే అదీ పోతుంది. పొగతాగేవారి ధరే కట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు కాబట్టి కొంత ఊరట. సిగరెట్ మానేసి కనీసం ఏడాది గడిచాక, తక్కువ ధరకు కొత్త పాలసీ అడగవచ్చు. అది చేతికొచ్చేదాకా పాతది ఆపకండి. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 1874 కింద రాయిస్తే ఆ డబ్బు భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు ముట్టుకోలేరు. ఆ పని పాలసీ తీసుకునేటప్పుడే చేయాలి.

ఫారం ఏజెంటు చేతికి ఇవ్వకండి, మీరే నింపండి. సిగరెట్లు ఎనిమిది, బీపీ మాత్ర పేరు, నాన్నగారి వయసు 52, కారణం గుండెపోటు. ఒక నకలు మీ భార్య దగ్గర ఉంచండి.